గరుసు నేలను చూశాక
గోదావరి ఒండ్రులో పుట్టి పెరిగిన నాకు, ఎంత తవ్వినా రాయి తగలని నేలే తెలుసు. ఇటీవల అనంతపురం జిల్లాలో ఒక గొర్రెల మేత బీడులో మట్టిని చేతిలోకి తీసుకుంటే, అరచేతిలో సగం గులకరాళ్లే కనిపించాయి. 2 మిల్లీమీటర్లకు మించిన ఆ రాళ్లను జల్లించి తీసేశాక మిగిలే సన్నని మట్టే నీటిని, పోషకాలను పట్టి ఉంచుతుంది కాబట్టి, గరుసు పెరిగేకొద్దీ తడిని నిలుపుకొనే శక్తి తగ్గుతుంది. పైగా మూరెడు లోతులోనే చివికిన రాయి వేళ్లకు అడ్డుపడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట ఇది చిన్న లోపం కాదు.

అయినా ఆ రాళ్లను దండగ అనడానికి నాకు మనసొప్పదు. పైన పరుచుకున్న గులకరాళ్లు వాన చినుకుల దెబ్బను కాచి మట్టి కొట్టుకుపోకుండా ఆపుతాయి, ఎండకు తడి ఆరిపోవడాన్నీ తగ్గిస్తాయి. ఒక రాయిని తిప్పి చూశాను: దాని కింద మన్ను ఇంకా చల్లగా ఉంది, సన్నని గడ్డి వేళ్లు అక్కడే అల్లుకుని ఉన్నాయి. గడ్డిని మొదలంటా మేసేసిన చోట మాత్రం మట్టి పెచ్చు కట్టింది, వాన నీరు ఇంకకుండా జారిపోయిన చారలు తేలాయి. మా కోనసీమ చేలలో మురుగు దిగక ఇబ్బంది పడతాం, అక్కడ తడి నిలవక ఇబ్బంది పడతారు. అలాంటి బీడును దున్నడం కంటే, వంతుల వారీగా మేపుతూ గడ్డిని కోలుకోనివ్వడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.