ఇక్కత్ ముక్కల పుస్తకంలో మర్గిలాన్ పేజీలు

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ముక్కలతో మొదలైన నా ఇక్కత్ పుస్తకంలోకి ఇప్పుడు ఉజ్బెకిస్తాన్ వచ్చి చేరింది. ఇక్కత్ అంటే నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగులద్దే నేత. పుస్తకం అంటే పెద్ద హంగేమీ లేదు. ఒక్కో నేత రకం నుంచి అరచేయంత ముక్క, దాని పక్కన పడుగు (నిలువు పోగులు) ఏమిటి, పేక (అడ్డం పోగులు) ఏమిటి, పన్నా (గుడ్డ వెడల్పు) ఎంత, ఎక్కడ కొన్నాను, ఎంతకు కొన్నాను అనే వివరాలు, అంతే.

ఆ దేశం వెళ్లినవాళ్లు ఎక్కువగా సమర్‌కండ్, బుఖారాల్లో స్కార్ఫులూ బ్యాగులూ కొనుక్కుని వచ్చేస్తారు. గుడ్డ పిచ్చి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అక్కడ చేతులు కట్టేసుకుని, డబ్బులు ఫెర్గానా లోయలోని మర్గిలాన్ దాకా దాచుకోండి. కుట్టిన వస్తువులు కాకుండా మీటర్ల లెక్కన గుడ్డ కొనండి. కోటు కుట్టేశాక లైనింగ్ వేసి లోపలంతా మూసేస్తారు, ఇక పడుగు చూసేదెట్లా?

మన దగ్గర పేక ఇక్కత్, పడుగు ఇక్కత్, రెండూ కలిసిన డబుల్ ఇక్కత్ మూడూ నేస్తారు. మర్గిలాన్‌లో డిజైన్ అంతా పడుగులోనే. పట్టు పోగుల్ని సాగదీసి కట్టి, వాటి మీద డిజైన్ గీసి, రంగు పట్టకూడని చోట గట్టిగా చుట్టి, ఒక్కో రంగుకీ ఒక్కోసారి ముంచుతారు. పేక మాత్రం ఒకటే రంగు. అందుకే అక్కడి దానిమ్మకాయకైనా, బాదం ఆకారానికైనా అంచులు నిలువుగా మాత్రమే చెదురుతాయి. అడ్డంగా చూస్తే గీత దాదాపు తిన్నగానే ఉంటుంది. మన డబుల్ ఇక్కత్ తేలియా రుమాలు పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. దానికి పడుగూ పేకా రెండింటికీ ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి అంచులు నాలుగు వైపులా చెదురుతాయి.

రకాల్లో ముఖ్యమైనవి మూడు. అద్రస్ అంటే పట్టు పడుగు, నూలు పేక. కొంచెం మందంగా, చేతికి బరువుగా ఉంటుంది. అట్లస్ అంటే పూర్తి పట్టు, శాటిన్ నేత, ఒక వైపు తళతళ మెరుస్తుంది. షోయీ పూర్తి పట్టే కానీ సాదా నేత, గాలికి ఎగిరేంత పల్చన. వీటికి పైన బఖ్మల్ అనే ఇక్కత్ వెల్వెట్ ఉంది. దాని ధర విన్నాక మళ్లీ అడగలేదు.

తాష్కెంట్‌లో దిగగానే చోర్సూ బజార్‌కి వెళ్లాను, కొనడానికి కాదు, కన్ను అలవాటు చేసుకోవడానికి. అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, బయటికి రాగానే నీలం గుమ్మటం కనబడుతుంది. గుమ్మటం కింద మాంసం, మసాలాలు, జున్ను ముద్దలు. గుడ్డలు, టోపీలు, చాకులు, పింగాణీ అంతా చుట్టుపక్కల వీధుల్లో. ఇక్కడ ఇక్కత్ పేరుతో వేలాడేవాటిలో ఎక్కువ భాగం ప్రింటే. ప్రింట్ అమ్మడం తప్పేమీ కాదు, అక్కడివాళ్లే ఇంట్లో రోజూ కట్టుకోవడానికి కొంటారు. మీటరు పాతిక వేల సోమ్ చెబుతుంటే చేతినేత అనుకోకూడదు, అంతే.

పాతిక వేలు వినగానే గుండె జారక్కర్లేదు. వెయ్యి సోమ్ అంటే మన డబ్బుల్లో సుమారు ఏడు రూపాయలు. ఏడో ఎక్కం వస్తే బజారంతా తిరిగి రావచ్చు. 2017కి ముందు బ్యాంకు రేటు ఒకటి, బయట రేటు ఒకటి ఉండేది, ఇప్పుడు ఆ గొడవ లేదు, బ్యాంకులోనే మార్చుకోవచ్చు. బజార్లలో మాత్రం కార్డు మీద ఆశ పెట్టుకోవద్దు. నగదు, అందులోనూ చిన్న నోట్లు, దగ్గరుండాలి.

తాష్కెంట్ నుంచి మర్గిలాన్‌కి రైలు ఉంది, సుమారు ఐదు గంటల ప్రయాణం. దారిలో కమ్చిక్ సొరంగం వస్తుంది. 2016లో తెరిచారు, పొడవు 19 కిలోమీటర్ల పైనే. రోడ్డు మీద షేర్ టాక్సీలూ ఉన్నాయి కానీ కొండ దారి, కడుపులో తిప్పేవాళ్లకు రైలే నయం. టికెట్ ముందే తీసుకోవాలి.

మర్గిలాన్‌లో ముందు యోద్గోర్లిక్ పట్టు కార్ఖానాకి వెళ్లడం మంచిది. పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీయడం దగ్గర్నుంచి ముడులు కట్టడం, రంగులు వేయడం, మగ్గం దాకా వరసగా చూపిస్తారు. దానిమ్మ తొక్క, ఉల్లిపొట్టు, మంజిష్ఠ లాంటివి వాడే రంగులూ ఉన్నాయి, కానీ అమ్మకానికి వచ్చే సరుకులో కెమికల్ రంగులే ఎక్కువ. అక్కడి షాపులో అద్రస్ మీటరు ఎనభై వేల నుంచి లక్షన్నర సోమ్ దాకా చెప్పారు. బేరం పెద్దగా సాగదు. అయినా ఇక్కడ ధర తెలుసుకుని బజారుకి వెళితే మోసపోతామన్న టెన్షన్ ఉండదు. ఊళ్లో చేతివృత్తుల అభివృద్ధి కేంద్రం కూడా ఉంది. అట్లస్, అద్రస్ నేత పద్ధతుల్ని కాపాడుతున్నందుకు 2017లో యునెస్కో దాన్ని మంచి పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది.

అసలు సందడి కుమ్‌తెపా బజార్‌లో. ఊరికి కొంచెం దూరం, గురు, ఆదివారాల్లో జరుగుతుంది, ప్రయాణం ఆ రోజులకు సరిపోయేలా పెట్టుకోవాలి. పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నానికి మూటలు కట్టేస్తారు. అట్లస్, అద్రస్ థాన్‌లు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. కొనేవాళ్లలో టూరిస్టుల కంటే పెళ్లి సామాను కోసం వచ్చిన ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల వెనకే నిలబడి వాళ్లేం తడుముతున్నారో చూడటం సగం చదువు.

ఒకామె దగ్గర నలుపూ పసుపూ తెలుపూ కలిసిన అట్లస్ నచ్చింది. తిరగేసి చూస్తే వెనక వైపు రంగులు వెలిసినట్టు ఉన్నాయి. మామూలుగా వెనక వెలిసినట్టుంటే ప్రింట్ అనేస్తాం. అట్లస్ విషయంలో ఆ పరీక్ష పనికిరాదు. శాటిన్ నేతలో పడుగు పోగులన్నీ ముందు వైపే తేలతాయి, వెనక పేక ఎక్కువ కనబడుతుంది, అందుకే రంగులు అలా వెలిసినట్టుంటాయి. నమ్మదగిన పరీక్ష దారం లాగడమే. కోసిన అంచు నుంచి ఒక నిలువు పోగు లాగితే అది కొంత దూరం నలుపు, తర్వాత పసుపు, తర్వాత తెలుపుగా, లోపలి దాకా రంగు ఇంకి ఉండాలి. అడ్డం పోగు మొత్తం ఒకే రంగులో ఉండాలి. అడ్డం పోగులో కూడా మచ్చలు మచ్చలుగా డిజైన్ రంగులు కనబడితే అది ప్రింట్. నేను గోటితో పోగు వెతుకుతుంటే ఆమె నవ్వి, తనే పళ్లతో ఒకటి తెంపి, లైటర్ తీసి అంటించింది. వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి అయిపోయే నల్ల బూడిద. పాలియెస్టర్ అయితే కరిగి పూసలా గట్టిపడేది, విస్కోస్ అయితే కాగితం కాలినట్టు కాలేది.

తర్వాత కాల్క్యులేటర్ మీద బేరం. ఆమె కొట్టిన అంకె చూసి "ఓపా, ఖిమ్మత్" అన్నాను. అక్కా, చాలా ఎక్కువ అని. "హిందీస్తాన్?" అని అడిగి, పక్క కొట్టు ఆవిడతో ఏదో చెప్పుకుని ఇద్దరూ నవ్వారు. రాజ్ కపూర్, మిథున్ పేర్లు వినబడ్డాయి, అక్కడ భారతీయులందరికీ జరిగే మర్యాదే అది. చెప్పిన ధరలో నాలుగో వంతు దాకా తగ్గించింది. ఆ పైన తగ్గదు, తగ్గమని పీడించడమూ బాగోదు. కొసరుగా వేరే డిజైన్ ముక్కలు రెండు అడిగితే ఇచ్చింది. నాకు గుడ్డ కంటే ఆ ముక్కలే ముద్దు.

కొనేముందు పన్నా చూసుకోవాలి. సంప్రదాయ మగ్గం మీద నేసిన గుడ్డ వెడల్పు నలభై సెంటీమీటర్ల చుట్టూనే ఉంటుంది. మన టైలర్ రెండున్నర మీటర్లు చాలంటాడు కదా అని కొంటే కుర్తా కాదు, బనీను కూడా రాదు. పొడుగు చేతుల కుర్తాకి ఐదారు మీటర్లు కావాలి, డిజైన్ కలపాలంటే ఇంకో మీటరు. పన్నా బాగా వెడల్పుగా ఉంటే పవర్‌లూమ్ అనుమానం పెట్టుకోవచ్చు. పవర్‌లూమ్ మీద కూడా నిజంగా ముడులు కట్టిన పడుగు వాడిన గుడ్డ దొరుకుతుంది, అది మోసం కాదు. ధర మాత్రం చేతినేతది ఇవ్వకూడదు.

సమర్‌కండ్ నుంచి ఉర్గుత్ బజార్‌కి వెళ్లింది సుజనీ అనే కుట్టుపని గుడ్డల కోసం. ఆది, బుధవారాల్లో బాగా సాగుతుంది. పెద్ద సుజనీని పట్టీలుగా విడదీసి వేర్వేరు చేతులతో కుట్టించి, తర్వాత కలుపుతారు. కాబట్టి అతుకు దగ్గర పువ్వు సరిగ్గా కలవకపోతే అది చేతిపని అనడానికి మంచి గుర్తు. మరీ కచ్చితంగా కలిసి, వెనక ఒక్క ముడి కూడా లేకుండా సాఫీగా ఉంటే మెషీన్ పని. ఇది చాలా పాతది అని గొప్పగా చూపించే సరుకు దగ్గర జాగ్రత్త. 50 ఏళ్లు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించకూడదు. అనుమానం వచ్చే వస్తువుకి నిపుణుల సర్టిఫికెట్ అడుగుతారు. కొత్తదైనా సరే, కొన్న రసీదు దాచుకున్నాను.

బుఖారాలో 16వ శతాబ్దపు అంగళ్ల గుమ్మటాల కింద తిరగడం బాగుంది, కొనడానికి మాత్రం చెయ్యి రాలేదు. "బుఖారా పట్టు" అని చూపించిన స్కార్ఫు అంచున మేడ్ ఇన్ ఇండియా లేబుల్ ఉంటే ఏం చేస్తాం? అక్కడ కొన్నది ఒక్కటే, కొంగ ఆకారపు కత్తెర. ముక్కలు కోయడానికి పదునుగా ఉంది. చెక్-ఇన్ బ్యాగులో పెట్టాలి, చేతి సంచిలో వద్దు.

పుస్తకానికి కాగితం సమర్‌కండ్ దగ్గరి కోనిగిల్‌లో తీసుకున్నాను. నీటి చక్రంతో నడిచే రోకళ్లతో మల్బరీ బెరడు దంచి, కాగితం పోసి, రాయితో రుద్ది నునుపు చేస్తారు. లేత పసుపు రంగులో ఉంటుంది. ముక్కల్ని గమ్‌తో అంటించడం మానేసి నాలుగు మూలలా దారంతో కుడుతున్నాను. గమ్ తగిలితే పట్టు మీద మరక పడుతుంది.

ఇంటికి వచ్చాక అన్నిటికీ రంగు పరీక్ష చేశాను. తెల్ల నూలు గుడ్డ తడిపి ముక్క మీద గట్టిగా రుద్దడం. అద్రస్‌లో ఎరుపు కొంచెం దిగింది, నీలం దిగలేదు. అట్లస్ నలుపు బాగానే దిగింది, కాబట్టి ఆ గుడ్డ డ్రై క్లీనింగ్‌కే. మిగిలిన మీటర్లు పాత నూలు చీరలో చుట్టి, మడతలు పడకుండా అట్ట గొట్టానికి చుట్టి ఉంచాను, చీరలోపల వేపాకు పొట్లాలు. ఎండ పరీక్ష ఇప్పుడు నడుస్తోంది. ఒక్కో రంగు పట్టీని సగం అట్టతో కప్పి దక్షిణం కిటికీకి తగిలించాను. గులాబీ అప్పుడే పాలిపోవడం మొదలైంది. ఎండాకాలం అయ్యాక పట్టీలన్నీ తీసి, పోచంపల్లి ముక్కల పక్కన పెట్టి ఆ పేజీ రాస్తాను.