మిగిలిన జెల్ పారెయ్యమంటే చేతులెలా వస్తాయి?

నెదర్లాండ్స్‌లో ఆర్గనాయిడ్ల (కణాల నుంచి జెల్‌లో పెంచే బుల్లి అవయవాల) ల్యాబులో కొత్తగా చేరిన మనవాళ్లకి ఒక మందలింపు దాదాపు ఖాయం. ప్లేటులో జెల్ చుక్కలు వెయ్యడం అయిపోయాక ట్యూబు అడుగున ఆ జెల్, అంటే మాట్రిజెల్, ఓ 100 మైక్రోలీటర్లు మిగులుతుంది. మూతపెట్టి, తేదీ రాసి మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టబోతుంటే పక్క బెంచి నుంచి "దాన్నెందుకు దాస్తున్నావ్? పారెయ్" అని వినిపిస్తుంది. ప్రొఫెసర్‌నే పేరు పెట్టి పిలిచే దేశం ఇది. ఆ మాటలో కోపమేమీ ఉండదు. అయినా చురుక్కుమంటుంది.

ఎందుకనదు? మన దేశంలో ఇండెంట్ పెట్టి, మూడు కొటేషన్లు తెప్పించి, సంతకాల చుట్టూ తిరిగి, కస్టమ్స్‌లో ఆగిన పెట్టెలో డ్రై ఐస్ ఇంకా మిగిలుందో లేదో అని హడలిపోతూ తెచ్చుకునే సరుకు అది. అడగ్గానే దొరికేవాళ్లకి పారెయ్యడం తేలికే. ఈ మాట పైకి అనను గానీ, లోపల అనుకోకుండా ఉండలేను.

జెల్ విషయంలో మాత్రం వాళ్లదే రైటు. పారెయ్యమనేవాళ్లు కారణం చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మాట్రిజెల్ అంటే ఎలుకల్లో పెంచిన ఒక రకం సార్కోమా కణితి నుంచి తీసిన ప్రొటీన్ల మిశ్రమం. లామినిన్, కొలాజెన్ 4 అందులో ముఖ్యమైనవి. ఐస్ మీద ద్రవంగా ఉంటుంది, 10 డిగ్రీలు దాటితే పేరుకోవడం మొదలవుతుంది. పని చేస్తున్నంతసేపూ ట్యూబు ఐస్‌లోనే ఉన్నా, వేళ్ల వేడికి, పిపెట్ టిప్పు వేడికి కొంత అప్పటికే చిక్కబడి ఉంటుంది. దాన్ని మళ్లీ ఫ్రీజ్ చేసి కరిగిస్తే ఉండలు కడుతుంది. దాంతో వేసిన చుక్కలు మొదట్లో బాగానే కనిపించి, మీడియం (కణాలకి పోషకాలిచ్చే ద్రవం) మార్చేటప్పుడు ఊడొస్తాయి. ఆర్గనాయిడ్లు అడుగుకి జారి, ప్లాస్టిక్‌కి అంటుకుని చదునుగా పరుచుకుంటాయి. ఇక వాటి మీద మందు పరీక్షించినా ఆ ఫలితానికి అర్థం లేదు.

పొదుపు చెయ్యాల్సింది ముందు. సీసాని రాత్రంతా ఫ్రిజ్‌లో ఐస్ మీద కరగనిచ్చి, చల్లటి టిప్పులతో ఒక రోజు పనికి సరిపడా వాటాలు చేసి, ఒక్కసారే ఫ్రీజ్ చెయ్యాలి. 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటుని ముందే 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్కో వెల్‌లో 50 మైక్రోలీటర్ల పెద్ద చుక్క ఒకటి కాకుండా 10 మైక్రోలీటర్లవి నాలుగు వేస్తే జెల్ కలిసొస్తుంది, మీడియం లోపలిదాకా చేరుతుంది. వేసిన వెంటనే ప్లేటుని తిరగేసి పెట్టాలి, లేకపోతే కణాలన్నీ అడుగుకి దిగిపోతాయి. 20 నిమిషాలయ్యాక 500 మైక్రోలీటర్ల మీడియం, వెల్ అంచు వెంట నెమ్మదిగా. జెల్‌ని పలచన చేసి మిగుల్చుకుందామని చూడొద్దు. బాగా పలచనైతే చుక్క సరిగ్గా నిలబడకపోవచ్చు.

ఇంతకీ పారెయ్యమన్నవాళ్లు దుబారా మనుషులేం కాదు, అందరూ ఈ దేశంవాళ్లూ కాదు. ఉట్రెక్ట్‌లోని హ్యూబ్రెక్ట్ సంస్థలో, హాన్స్ క్లెవర్స్ బృందంలో, 2009లో ఎల్‌జీఆర్5 అనే గుర్తు ప్రొటీన్ ఉన్న ఒకే ఒక్క మూలకణం నుంచి ఎలుక పేగు ఆర్గనాయిడ్ పెంచి చూపించిన తోషిరో సాటో కూడా జపాన్ నుంచి వచ్చిన ప్రవాసే. దాన్ని పెంచిన మీడియంలో కీలకమైన ప్రొటీన్లు మూడు: ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్. ఈజీఎఫ్ మిల్లీలీటరుకి 50 నానోగ్రాములు, నాగిన్ 100. శుద్ధి చేసిన ఆర్-స్పాండిన్ కొనాలంటే ఖరీదు, అందుకే దాన్ని విడుదల చేసే కణాలని పెంచి, ఆ మీడియాన్నే వడగట్టి వాడే ల్యాబులు చాలా ఉన్నాయి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులాగే ప్రతి బ్యాచీ ఒకేలా కుదరదు, పాత బ్యాచితో పోల్చి చూడకుండా వాడకూడదు.

ఆర్గనాయిడ్లు పెంచడానికి రోగి కణితి ముక్క వచ్చినప్పుడు చూడాలి వాళ్ల పొదుపు. ఆపరేషన్ థియేటర్ నుంచి ఐస్ మీద వచ్చిన ముక్కలో కొంత ఫార్మలిన్‌లోకి, కొంత డీఎన్ఏ కోసం ద్రవ నైట్రోజన్‌లోకి పోతుంది. మిగిలింది మిల్లీమీటరు ముక్కలుగా తరిగి, కొలాజినేజ్ అనే ఎంజైమ్‌లో 37 దగ్గర అరగంట నుంచి గంట ఉంచి, 100 మైక్రాన్ల జల్లెడ పడతారు. జల్లెడ మీద ఆగిన ముక్కలని మళ్లీ ఎంజైమ్‌లో వేస్తారే గానీ పారెయ్యరు. మొదటి రెండు రోజులు మీడియంలో వై-27632 అనే రసాయనం 10 మైక్రోమోలార్ కలపాలి, అది లేకపోతే విడివడిన కణాలు చాలావరకు చచ్చిపోతాయి. బాగా పెరుగుతున్నాయని అప్పుడే మురిసిపోకూడదు, పెరిగేవి కణితి పక్కనున్న మామూలు కణాలు కావచ్చు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఏపీసీ జన్యువు పాడై ఉంటే పెద్దపేగు కణాల మీడియంలో కలిపే వింట్ అనే ప్రొటీన్, ఆర్-స్పాండిన్ రెండూ తీసేసి చూడొచ్చు: మామూలు కణాలు నిలవవు, కణితివి నిలుస్తాయి. మిగతా క్యాన్సర్లలో ఇంత సులువు కాదు, డీఎన్ఏ చూసుకోవాల్సిందే. రెండో మూడో పాసేజ్‌లోనే (పెరిగినవాటిని విడదీసి కొత్త జెల్‌లోకి మార్చే విడత) కొన్ని ట్యూబులు ఫ్రీజ్ చేసుకోవాలి.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒకచోట నాకు వాదన మిగిలింది. మందుల పరీక్షకి 384 వెల్స్ ప్లేటు వాడతారు. బయటి అంచున ఉన్న 76 వెల్స్‌లో కణాలు వెయ్యకుండా పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం పోసి వదిలేస్తారు. ఐదు రోజుల పరీక్షలో అంచు వెల్స్ నుంచి నీరు ఎక్కువ ఆవిరై మందు గాఢత పెరిగిపోతుందనేది కారణం. నిజమే. కానీ ఇంక్యుబేటర్ తేమ సరిగ్గా ఉంచి, గాలి ఆడే సీలు అంటించి, మందేమీ లేకుండా ప్లేటు మొత్తం కణాలు వేసి ఐదో రోజు ఏటీపీ (ఎన్ని కణాలు బతికున్నాయో చెప్పే కొలత) కొలిస్తే అంచుకీ మధ్యకీ తేడా ఎంతో తెలిసిపోతుంది. తేడా లేకపోతే ఆ 76 వదిలెయ్యడం దేనికి? ఆ ప్లేటు ఒకటి వేసి, లెక్కలు ల్యాబ్ మీటింగులో పెట్టండి. ఇక్కడ అంకెలు చూపిస్తే కొత్తగా వచ్చినవాళ్ల మాటైనా వింటారు.