పీసీఓఎస్‌తో ఇంట్లో బరువుల వ్యాయామం: ఉగాది నుంచి దసరా దాకా

ఉగాది తర్వాత మొదలుపెట్టిన బరువుల వ్యాయామం దసరా దాటినా ఆగకుండా సాగుతోంది. నాలాగే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాక నెలసరి తప్పే సమస్య) ఉండి జిమ్‌కి వెళ్లే వీలు లేనివాళ్లకి పనికొస్తుందని, నోట్‌బుక్‌లో రాసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. డేట్ రెండు మూడు నెలలకోసారి వచ్చేది. గడ్డం కింద గరుకు వెంట్రుకలు, మెడ వెనక నలుపు. స్కానింగ్‌లో అండాశయాల నిండా నీటి బుడగలు ఉన్నాయన్నారు. అవి పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాల సంచులేనని డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పాక భయం సగం తగ్గింది. స్కానింగ్ ఒక్కటే చూసి ఈ సమస్యను తేల్చరు. అండం సక్రమంగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువవడం, స్కానింగ్‌లో అలా కనబడటం, ఈ మూడింటిలో రెండైనా ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టేలా చేసే హార్మోన్) పరీక్షలు చేసి వేరే కారణాలు లేవని కూడా చూసుకోవాలి.

నేను బరువులు పట్టుకోవడానికి కారణం ఇన్సులిన్, అంటే రక్తంలోని గ్లూకోజ్‌ను కణాల్లోకి పంపే హార్మోన్. మనలో చాలామందికి అది సరిగా పనిచేయదు, దాంతో శరీరం ఇంకా ఇంకా తయారుచేస్తుంది. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను ఎక్కువగా చేయిస్తుంది. అది చాలదన్నట్టు, రక్తంలో టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను లివర్ తక్కువగా తయారుచేసేలా చేస్తుంది. వెంట్రుకలు, మొటిమలు, ఆగిపోయిన నెలసరి, అన్నీ ఆ గొలుసులోవే. పని చేస్తున్న కండరం మాత్రం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కోగలదు. అది తెలిశాక వెయిట్ మెషీన్ మీద అంకె కన్నా కండ పెంచడమే నాకు ముఖ్యమైపోయింది.

చైత్రం, వైశాఖం: డంబెల్స్ కొనలేదు. ఐదు లీటర్ల వాటర్ క్యాన్ నిండా నీళ్లు పడితే ఐదు కిలోలు, సగం పడితే రెండున్నర. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే అరగంట. కుర్చీ మీద కూర్చుని లేచినట్టు స్క్వాట్లు, గోడకి పుషప్స్, క్యాన్‌తో రోయింగ్ (ముందుకు వంగి క్యాన్‌ను నడుం దాకా లాగడం). ఒక్కో వ్యాయామం ఎనిమిదిసార్లు, మూడు విడతలు. మిగతా రోజుల్లో నడక. పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లకి చెప్పేది కూడా ఇంచుమించు ఇదే: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దాంతోపాటు వరుసగా కాకుండా రెండు రోజులైనా కండరాలకు పని.

ఆషాఢం: ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ జత తెచ్చుకున్నాను. ‘ఎందుకమ్మా ఈ ఇనుము, గర్భసంచి జారుతుందేమో’ అని అత్తయ్య గారు కంగారుపడ్డారు. ఆవిణ్ణి తర్వాతి చెకప్‌కి వెంట తీసుకెళ్లాను. నెమ్మదిగా పెంచుకుంటూ, ఊపిరి బిగబట్టకుండా చేస్తే నాకేమీ ఇబ్బంది లేదని డాక్టరు గారే చెప్పారు. ఇప్పుడు నేను మర్చిపోయినా ఆవిడే ‘ఇవాళ గురువారం’ అని గుర్తుచేస్తారు.

అన్నిటికన్నా మెల్లగా పట్టుబడింది డెడ్‌లిఫ్ట్. అది నడుముతో ఎత్తేది కాదు. నేల మీద నిండు బిందెను ఎత్తబోయేటప్పటిలా తుంటిని వెనక్కి నెట్టాలి, మోకాళ్లు కొంచెమే మడవాలి, డంబెల్స్ తొడలకు రాసుకుంటూ మోకాళ్ల కిందిదాకా దిగాలి. తొడల వెనక గట్టిగా లాగినట్టు తెలియగానే మడమలతో నేలను నొక్కి పైకి లేవాలి. వీపు గుండ్రంగా అయితే అక్కడితో ఆపేయాలి. ఫోన్ పక్క నుంచి పెట్టి వీడియో తీసుకుంటే తేడా ఇట్టే కనబడుతుంది.

బరువు పెంచడానికి నా లెక్క ఒకటే: మూడు విడతల్లోనూ పన్నెండుసార్లు శుభ్రంగా చేయగలిగితే తర్వాతి వారం ఒక కిలో ఎక్కిస్తాను, మళ్లీ ఎనిమిదితో మొదలు.

తిండి: అన్నం మానలేదు. కంచంలో అన్నం తగ్గి పప్పు, కూర, గుడ్లు పెరిగాయి. గుడ్డుకు ఆరు గ్రాముల ప్రొటీన్, వంద గ్రాముల పెసలకు దాదాపు 24. కొర్రలైనా, రాగి సంకటైనా పిండిపదార్థమే కాబట్టి వాటికీ కొలత ఉండాలి. పీసీఓఎస్‌కు ప్రత్యేకమైన డైట్ ఒకటుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

మందు: ఇన్సులిన్ మెరుగ్గా పనిచేయడానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ నడుస్తోంది. మొదట్లో కడుపులో తిప్పేది, భోజనంతో వేసుకుంటే సర్దుకుంది. చాలాకాలం వాడితే బీ12 తగ్గవచ్చు, అందుకని ఆ పరీక్ష కూడా అడుగుతున్నాను. వ్యాయామం చేస్తున్నామని మందు సొంతంగా ఆపేయడం మంచిది కాదు.

మార్పులు: గోడ క్యాలెండర్‌లో ఎర్ర సున్నాలు దగ్గరపడ్డాయి, ఇప్పుడు అయిదారు వారాలకోసారి వస్తోంది. ఇందులో మందు వాటా ఎంతో, బరువుల వాటా ఎంతో విడదీయలేను. నడుం చుట్టుకొలత తగ్గింది, వెయిట్ మెషీన్ పెద్దగా కదల్లేదు. గ్యాస్ సిలిండర్ ఇప్పుడు నేనే జరుపుకుంటున్నాను. గడ్డం వెంట్రుకల్లో తేడా లేదు. వెంట్రుక పెరిగే తీరు వల్ల మందులతోనైనా దానికి కనీసం ఆరు నెలలు పడుతుందట, అందుకని టెన్షన్ పడటం లేదు.

ఒక్క విషయం మాత్రం అందరికీ గట్టిగా చెబుతున్నాను. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే ‘మనకి మామూలేలే’ అని వదిలేయొద్దు. గర్భాశయం లోపలి పొర అలాగే మందమవుతూ పోవడం ప్రమాదం, డాక్టరుకి చూపించుకోవాలి.

కార్తీకంలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే షుగర్ టెస్టు మళ్లీ ఉంది. ఈలోపు స్క్వాట్లకి ఎనిమిది కిలోల డంబెల్ ఎత్తాలని అనుకుంటున్నాను, ప్రస్తుతం ఏడు దగ్గర పదిసార్లు వస్తున్నాయి.