వన్‌టౌన్‌లో ఖాళీ స్థలం లేదు

ఆర్కిటెక్చర్ స్టూడియోలో, అంటే డిజైన్ నేర్పే తరగతిలో, విద్యార్థుల చేతికిచ్చే సైట్ ప్లాన్‌లో సాధారణంగా ఒక హద్దుగీత, ఉత్తర దిక్కు గుర్తు, రోడ్డు వెడల్పు, హద్దు నుంచి ఖాళీగా వదలవలసిన జాగాలు (సెట్‌బ్యాక్‌లు) ఉంటాయి. హద్దు లోపల ఏమున్నదో ఆ కాగితం చెప్పదు. ఊరి వెలుపల పొలాల మధ్య కట్టే భవనానికి అది సరిపోవచ్చు గానీ, విజయవాడ నడిబొడ్డున ఇచ్చే ప్రాజెక్టుకు సరిపోదు. సెమిస్టర్ చివర విద్యార్థుల డిజైన్లను పరీక్షించే జూరీలకు వెళ్తున్న ఆర్కిటెక్టుగా నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటుంది: పాత నగరంలో చేసే ఏ ప్రాజెక్టైనా అప్పటికే నిలబడి ఉన్నదాన్ని టేపు పట్టి కొలవడంతో మొదలుకావాలి, ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న నిర్ణయానికే ఎక్కువ మార్కులు పడాలి.

విజయవాడ పాత నగరమైన వన్‌టౌన్ కొండలకూ కాలువలకూ రైలు పట్టాలకూ మధ్య ఇరుక్కుని పెరిగింది. పక్కకు జరిగే చోటు లేదు కనుక ప్రతి తరమూ ఉన్నదానిమీదే కట్టుకుంటూ వచ్చింది. కింద దుకాణం, పైన కాపురం, ఆపైన ఎప్పుడో వేసిన రేకుల గది: ఈ వరుస పంజా సెంటర్ నుంచి సామారంగం చౌక్ దాకా ఏ సందులోనైనా కనిపిస్తుంది. పాత ఇళ్లలో కొన్నింటికి మద్రాసు టెర్రస్ పైకప్పులు ఉన్నాయి. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, వాటిపైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటును దిమ్మిసలతో కొట్టి గట్టిపరచిన కప్పు అది. ఒక విద్యార్థి నిచ్చెన ఎక్కి ఆ దూలాన్ని తడిమి, గోడలోకి దిగిన దాని కొన చెమ్మకు పుచ్చిపోయిందో లేదో చూసి వచ్చిన తరువాత గీసే సెక్షన్‌కూ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే చిత్రానికీ), ఫొటో చూసి గీసే సెక్షన్‌కూ మధ్య తేడా జూరీలో షీట్లు అతికించిన గోడ దగ్గర నిలబడగానే తెలిసిపోతుంది.

ఇక్కడ కొంత ఆగి చెప్పవలసిన విషయం బరువు. పాత ఇంటిపై కొత్త అంతస్తు ప్రతిపాదించే షీట్లు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం కింది గోడ సంగతి అడగవు. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగుతుంది. తేలికైన ఉక్కు చట్రం మీద వేసిన రేకు కప్పు అందులో పదో వంతు కూడా ఉండదు. సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడ నిలువు బరువును బాగానే మోస్తుంది గానీ అడ్డంగా వచ్చే కుదుపును ఓర్చుకోలేదు. భూకంపాలను తట్టుకునే నిర్మాణాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 యొక్క 2016 ప్రతిలో విజయవాడ భూకంప తీవ్రత మూడో జోన్‌లో ఉంది. పైన ద్రవ్యరాశి పెరిగిన కొద్దీ ఆ కుదుపు బలమూ పెరుగుతుంది. అందుచేత కొత్త అంతస్తును పాత గోడ నెత్తిన పెట్టకుండా, దాని లోపల సొంత పునాదులున్న ఉక్కు స్తంభాల మీద నిలపడం ఒక మార్గం. అయితే ఆ పునాది గొయ్యిని పాత గోడను ఆనుకుని తవ్వితే గోడ కింది మట్టి జారిపోతుంది. స్తంభాన్ని లోపలికి జరిపి, నేలను గోడ వైపు దూలపు కొనలతో ముందుకు చాపాలి. ఇంత చిన్న జరుపుతో గది కొలతలు, మెట్ల స్థానం, కింది దుకాణం షట్టర్ వెడల్పు అన్నీ మారిపోతాయి. నా దృష్టిలో అసలైన డిజైన్ అక్కడే మొదలవుతుంది.

మరమ్మతు పదార్థం గురించి కూడా స్టూడియోలో మాట్లాడాలి. సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే నేలలోంచి ఎక్కిన తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఉప్పు పూసి ఇటుక పెచ్చులుగా ఊడుతుంది. ‘పాత ముఖభాగాన్ని పునరుద్ధరిస్తాం’ అని రాసే ప్రతి షీటు మీద, ఏ పూతతో అన్నది కూడా రాసి ఉండాలి.

ఒక కట్టడం ఎన్ని పనులకు ఒదగగలదో చూపడానికి మన నగరంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి గుర్తుగా 1887లో కట్టిన జూబిలీ హాలులోనే 1921లో కాంగ్రెస్ సమావేశం జరిగింది, పింగళి వెంకయ్య గాంధీజీకి పతాక నమూనాను అందించారు. 1962 నుంచి అది మ్యూజియం. ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నాము. ఈ మార్పులన్నింటినీ తట్టుకోగలిగింది విశాలమైన హాలు ఉన్నందువల్లనే అని నేను అనుకుంటాను. విద్యార్థులు తమ కొత్త కట్టడాల్లో కూడా అలాంటి, ఫలానా పనికని పేరు పెట్టని గదిని ఒకటి ఉంచడం మంచిది.

సైట్ విజిట్ వేళ కూడా ముఖ్యమే. కాలేజీ బస్సు ఉదయం పది గంటలకు దింపి మధ్యాహ్నానికి ఎక్కించుకుని వెళ్తే, విద్యార్థులు చూసేది ఆ వీధిని ఒక్క పూటలోనే. తెల్లవారుజామున కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ సరుకు దించే ముఠా కార్మికులు ఎక్కడ కూర్చుంటారో, బస్తాలు దిగే చోటుకు ఎంత వెడల్పు కావాలో, రాత్రి షట్టర్లు దించాక అరుగులు ఎవరికి పడకలవుతాయో తెలియకుండా గీసిన ‘పాదచారుల వీధి’ ఆ వీధి బతుకుతెరువుకే అడ్డం పడుతుంది. హోల్‌సేల్ వ్యాపారంలో కొంత గొల్లపూడి కాంప్లెక్సుకు తరలిపోయినా, మిగిలిన వ్యాపారం చిన్నదేమీ కాదు.

కాలువ గట్ల ప్రాజెక్టులు నన్ను మరింత ఆలోచనలో పడేస్తాయి. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నగరంలోంచి పోతున్నాయి కనుక గట్టు వెంబడి కేఫ్‌లు, పడవలు, నీడల బొమ్మలతో నిండిన రెండర్లు (కంప్యూటర్‌లో చేసిన ఊహాచిత్రాలు) ఏటా వస్తాయి. ఇవి సాగునీటి కాలువలు; ఎండాకాలంలో వీటికి నీళ్లు ఆపేస్తారు. నీళ్లు లేని నెలల్లో ఆ గట్టు ఎలా ఉంటుందో చూపే సెక్షన్ ఒక్కటైనా నేను అడుగుతాను. గట్టు మీద కాపురమున్నవారిని ఆ బొమ్మలో ఎక్కడ ఉంచారని కూడా అడుగుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచిన తరువాత, కింది అంతస్తులో ఏమి ఉంచాలి, మీటరు బోర్డు ఎంత ఎత్తున పెట్టాలి అన్న ప్రశ్నలు వేయకుండా ఈ నగరంలో ఏ నివాస ప్రాజెక్టునూ పూర్తయిందని అనలేము.

ఫ్రెంచి ఆర్కిటెక్టులైన లకటోన్, వస్సల్ జంట పనిని విద్యార్థులకు చూపడం నాకు ఇష్టం. 1996లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో లియోన్ ఓకోక్ కూడలిని అందంగా తీర్చమని వారిని అడిగితే, అక్కడివారితో మాట్లాడి, కొంతకాలం గమనించి, కంకర మార్చడం, చెట్ల ఆరోగ్యం చూడడం, తరచుగా శుభ్రం చేయడం చాలునని చెప్పారు. అదే నగరంలోని గ్రాం పార్క్‌లో మరో ఇద్దరు ఆర్కిటెక్టులతో కలిసి 530 ఫ్లాట్లున్న పాత భవనాలకు బయటివైపు లోతైన బాల్కనీ గదులు అతికించారు. నివాసులు ఇళ్లు ఖాళీ చేయకుండానే పని సాగింది. 2021లో వారికి ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఈ రెండు ఉదాహరణల్లోనూ మొదటి పని చూడడమే. మన జూరీల్లో ‘ఏమీ చేయనక్కరలేదు’ అని ఒక విద్యార్థిని కొలతలతో, లెక్కలతో నిరూపిస్తే ఉత్తీర్ణురాలిని చేసే ధైర్యం మనకు ఉండాలి.

వచ్చే సెమిస్టర్ బ్రీఫ్, అంటే విద్యార్థులకిచ్చే ప్రాజెక్టు వివరణ, రాయడంలో సాయపడమని ఒక అధ్యాపక మిత్రుడు నన్ను అడిగారు. మొదటి మూడు వారాలు డిజైన్ వద్దు, 1:50 స్కేలులో కొలత చిత్రాలు మాత్రమే, తరువాత పని జరుగుతుండగా ఆ ఇంట్లోవారు ఏ గదిలో ఉంటారో దశలవారీగా చూపే ఒక షీటు: ఇంతవరకు రాశాను. దీనికి కావలసింది ఇళ్లు. కొత్తపేట, బ్రాహ్మణ వీధి, ఇస్లాంపేట ప్రాంతాల్లో పాత ఇల్లున్నవారు, కూల్చే ఆలోచనలో ఉన్నవారు సైతం, టేపులతో వచ్చే పిల్లలను అటక దాకా ఎక్కనివ్వాలని కోరుతున్నాను. గీసిన చిత్రాల ప్రతి ఒకటి ఆ ఇంటివారికే ఇవ్వాలన్న షరతును బ్రీఫ్‌లోనే చేర్చాను.