బెజవాడలో రైలెక్కే లోపు

లాడ్జిలో గది అద్దె ఇరవై నాలుగు గంటల లెక్క కనుక ఉదయం ఏడింటికే ఖాళీ చేయవలసి వచ్చింది. శ్రీకాకుళం వైపు వెళ్లే నా రైలు మాత్రం రాత్రి పదకొండు దాటితే గాని లేదు. ఇంకొక పూటకు గది తీసుకోవడం దండగ అనుకునే ప్రయాణికుడికి విజయవాడ స్టేషన్‌లోని క్లోక్‌రూం పెద్ద ఆసరా. చేతిలో రైలు టికెట్, సంచికి తాళం ఉంటే చాలు. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని, వన్‌టౌన్ మీదుగా కృష్ణ ఒడ్డుకు నడక సాగించాను. అమ్మవారి దర్శనం ముందురోజే అయింది కాబట్టి కొండ ఎక్కే పని లేదు. ఈ రోజంతా నీటికోసం కేటాయించుకున్నాను.

మా ఉత్తరాంధ్ర వాళ్లలో చాలామందికి బెజవాడ అంటే రైలు మారే చోటు. అర్ధరాత్రి దిగి, టీ తాగి, మరో ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తడమే తప్ప స్టేషన్ బయట అడుగు పెట్టినవారు తక్కువ. కానీ రైళ్లు రాకముందే ఇది నీళ్లు చీలే కూడలి అన్న సంగతి ప్రకాశం బ్యారేజీ మీద నిలబడినప్పుడు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. కృష్ణ ఇక్కడ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఇరుకున పడి ప్రవహిస్తుంది. నదికి అడ్డుకట్ట వేయదలచినవారికి రెండు ఒడ్డులా కొండే ఆనుగా దొరికింది. కాటన్ దొర ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన తొలి ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడడంతో 1954లో కొత్త కట్టడం ప్రారంభించి, 1957 నాటికి ముగించి, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

పొడవు 1223.5 మీటర్లు, గేట్లు 70. ఎండ ముదరకముందే కాబట్టి ఈ చివర నుంచి ఆ చివరకు తీరికగా నడిచాను. ఎగువన నీరు చెరువులా కదలక నిలిచి ఉంటే, దిగువన ఇసుక మేటల నడుమ సన్నని పాయలు మాత్రమే కనిపించాయి. 2024 సెప్టెంబరు వరదలో ఇదే చోట 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. కొట్టుకువచ్చిన పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్ వెయిట్లు, అంటే గేటు బరువుకు సమతూకంగా ఉండే దిమ్మలు, దెబ్బతిన్నాయి. ఇప్పటి ఈ నెమ్మదిని చూస్తూ ఆ ప్రవాహాన్ని ఊహించుకోవడం నాకు సాధ్యం కాలేదు.

అయితే అసలు చూడవలసినది గేట్లను కాదు, కాలువల మొదళ్లను. ఎడమ గట్టున బయలుదేరే నీరు ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువలుగా చీలి ఊరి మధ్య నుంచే సాగిపోతుంది. కుడి గట్టున బయలుదేరేది గుంటూరు వైపు పోతుంది. మొత్తం సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఈ ఒక్క కట్టడం మీద ఆధారపడి ఉంది. పడవల కాలంలో కాకినాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా బెజవాడ చేరి, నది దాటి, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల వెంట మద్రాసు దాకా సరుకు వెళ్లేది. 1889లో హైదరాబాదు వైపు నుంచి రైలు వచ్చింది, 1893లో కృష్ణ మీద రైలు వంతెన తయారైంది. అంటే పడవలు కలిసిన చోటుకే రైళ్లూ వచ్చి కలిశాయి. జంక్షన్ అన్న పేరు రైల్వే ఇచ్చింది గాని, ఆ గుణం నదిదే అని నాకు గట్టిగా అనిపించింది.

సీతానగరం చివర షేర్ ఆటో ఎక్కి ఉండవల్లి చేరుకున్నాను. విష్ణుకుండిన రాజుల కాలానికి చెందినవిగా చెప్పే ఈ గుహలు ముందు నుంచి చూస్తే నాలుగు అంతస్తుల మేడలా ఉంటాయి గాని, ఇటుక పెట్టి కట్టినది ఒక్కటీ లేదు, అంతా కొండను తొలిచిందే. అనంతశయనుడి అంతస్తులోకి వెళ్లగానే చల్లదనం ముఖానికి తగిలింది. వెలుగు తక్కువ కావడంతో మొదట ఏమీ కనిపించదు. కాస్త ఆగితే ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, చివరికి పడగల కింద ముఖం, ఇలా మూర్తి విడివిడిగా రూపుకడుతుంది. ఒకే రాతిలో మలిచిన అంత పెద్ద శరీరంలో ఎక్కడా బిగువు లేదు, నిజంగా నిద్రపోతున్న మనిషి ఒళ్లులాగే వదులుగా ఉంది. ఏదో బడి పిల్లలు రావడంతో సందడి పెరిగింది. వారి పంతులమ్మ "చెప్పులు బయటే విడవండి, గోడలు ముట్టుకోకండి" అని నాలుగైదుసార్లు చెప్పవలసి వచ్చింది. గోడల మీద గీకిన పేర్లు చూశాక ఆమె ఆరాటం న్యాయమే అనిపించింది.

మధ్యాహ్నం భోజనం చేసి బాపు మ్యూజియం చూసి, సాయంత్రం లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల ముందు గంటకు పైగా గడిపాను. తెలుగు ప్రచురణకు ఇన్నేళ్లుగా కేంద్రంగా ఉన్న ఊరిలో పాత పుస్తకం కూడా గౌరవంగానే బతుకుతోంది. బైండు చేసిన ఒక పాత మాసపత్రిక సంపుటం తీశాను. అట్ట లోపల ఏదో శాఖా గ్రంథాలయం ముద్ర, దారం ఊడిన కుట్టు, ఒక పేజీలో ఎండిన వేపాకు. "నూట ఇరవై ఇవ్వండి మాస్టారూ" అన్న దుకాణదారు, నేను తటపటాయించడం చూసి ఎనభైకి ఇచ్చాడు.

తొమ్మిదింటికి సంచి తీసుకుని ప్లాట్‌ఫాం మీద పెరుగన్నం పొట్లం విప్పుతుండగా పక్కన కూర్చున్న పెద్దాయన మాట కలిపారు. నాగాయలంక రైతు, అనకాపల్లిలో ఉన్న కూతురి దగ్గరకు బయలుదేరారట. నేను రోజంతా చూసినది చెబితే ఓపికగా విని, "మొదలు చూశావు బాబూ, చివర కూడా చూడాలి" అన్నారు. ఎగువ చేలన్నీ తడిశాక గాని తమ వంతు రాదనీ, సముద్రం దగ్గర కావడంతో బోరు వేస్తే ఉప్పునీరే పడుతుందనీ, అందుకే కాలువ తప్ప దిక్కులేదనీ వివరించారు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చి గోదావరి నీరు బ్యారేజీ ఎగువన కలిసినప్పటి నుంచి నారుమళ్లకు ముందుకంటే భరోసా ఉందట, "అయినా చివరి ఎకరం చివరి ఎకరమే" అన్నారు. ఉదయం అంకెలుగా చదువుకున్న 13 లక్షల ఎకరాలలో కొన్నింటి యజమాని నా పక్కనే కూర్చుని ఉన్నారు.

"కాలవకి నీళ్లొదిలే రోజుల్లో రా. బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కితే అక్కణ్ణించి మా ఊరు దగ్గరే" అంటూ ఫోన్ నంబరు చెప్పారు, రాసుకున్నాను. రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది. ఆయనది ఎస్ ఫోర్, నాది ఎస్ నైన్. ఆయన సంచిని పెట్టె దాకా మోసి, బెర్తు చూపించి, నా పెట్టెకు పరుగెత్తాను.