ఫీజు రసీదు లొసుగు చెప్పినందుకు ప్రిన్సిపాల్ గదిలో నిలబెట్టారు: వెబ్ సెక్యూరిటీ నేర్చుకోవడంలో నా అనుభవం

మా కాలేజీ ఫీజు పోర్టల్లో ఉన్న లొసుగును ఈ వారం మూసేశారు. అది కనిపెట్టి చెప్పింది నేను. చెప్పినందుకు నన్నూ మా నాన్ననూ పిలిచి ప్రిన్సిపాల్ గదిలో నిలబెట్టారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఎథికల్ హ్యాకింగ్, అంటే అనుమతితో లోపాలు వెతికి చెప్పడం, నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది గుంటూరు. ఊరి దగ్గర్లోనే ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెక్యూరిటీ టూల్స్ ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ కాలీ లినక్స్ వేసుకోవడం, నెట్‌వర్కింగ్ బేసిక్స్ నేర్చుకోవడం సెలవుల్లో అయిపోయాయి. యూట్యూబ్ చాలు, కష్టమేమీ లేదు.

సీనియర్లు చెబితే అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నాన్న అప్పు తెచ్చి ఫీజు కట్టాడు. అక్కడ నేర్పింది ఫేస్‌బుక్ లాగిన్ పేజీలాంటి దొంగ పేజీ తయారు చేయడం, పక్కింటి వైఫై పాస్‌వర్డ్ లాగడం. కుకీ అంటే ఏమిటి సార్ అని అడిగితే "అవన్నీ డెవలపర్లకమ్మా, నీకు టూల్ వస్తే చాలు" అన్నారు. చివర్లో క్రాక్ చేసిన టూల్స్ ఉన్న పెన్‌డ్రైవ్, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ పెన్‌డ్రైవ్ నేను ఇప్పటిదాకా ల్యాప్‌టాప్‌కి పెట్టలేదు. ముక్కూ మొహం తెలియనివాడు క్రాక్ చేసిన టూల్‌ని రన్ చేస్తే ముందు పోయేది మన సిస్టమే. అలాంటి చోట ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. పేదింటి పిల్లల డబ్బు తిని దొంగపని నేర్పిస్తున్నారు వాళ్లు.

నేను నిజంగా నేర్చుకున్నది పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీలో. పూర్తిగా ఉచితం. పాఠాలతో పాటు ల్యాబ్‌లు, అంటే కావాలనే లోపాలు పెట్టిన ప్రాక్టీస్ సైట్లు ఉంటాయి, వాళ్ల సర్వర్ మీదే, వాళ్ల అనుమతితోనే దాడి చేస్తాం. బర్ప్ సూట్ కమ్యూనిటీ ఎడిషన్‌కి కూడా డబ్బు కట్టక్కర్లేదు. బ్రౌజర్ పంపే ప్రతి రిక్వెస్టునూ మధ్యలో ఆపి, విప్పి చూపిస్తుంది. మన ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని ప్రాక్టీస్ చేయడానికి, వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ వాళ్ల జ్యూస్ షాప్ అనే లోపాల సైటు ఉంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (డేటాబేస్‌కి మన ఆదేశం దూర్చడం), ఎక్స్‌ఎస్‌ఎస్ (పేజీలోకి మన కోడ్ దూర్చడం) త్వరగానే ఒంటబట్టాయి.

నన్ను పట్టేసింది యాక్సెస్ కంట్రోల్ లోపం, అంటే ఎవరికి ఏది చూపాలో సర్వర్ సరిచూడకపోవడం. వెబ్‌సైట్లకు ప్రమాదకరమైన లోపాల ఓవాస్ప్ టాప్ 10 జాబితాలో 2017లో ఐదో స్థానంలో ఉన్న ఈ లోపం 2021లో మొదటి స్థానానికొచ్చింది. విషయం చాలా చిన్నది. లాగిన్ అయ్యావా అని సర్వర్ అడుగుతుంది. నువ్వు అడుగుతున్న కాగితం నీదేనా అని మాత్రం అడగదు. ఆ రెండో ప్రశ్న రాయడం డెవలపర్ మరిచిపోతే ఎవరి కాగితం ఎవరైనా తీసుకోవచ్చు. దీన్ని కనిపెట్టే టూల్ కొనుక్కుంటే దొరకదు. ఏ కాగితం ఎవరిదో మనిషే తెలుసుకోవాలి. అందుకే నాకు ఇది ఇష్టం.

ఇక అసలు సంగతి. సెమిస్టర్ ఫీజు కట్టాక రసీదు డౌన్‌లోడ్ చేశాను. లింకు చివర రసీదు నంబరు ఉంది. నా వెనకే ఫీజు కట్టిన రూమ్మేట్ తన రసీదు లింకును తనే వాట్సాప్‌లో పంపింది. నాది 1తో ముగిస్తే తనది 2తో ముగిసింది, మిగతా అంకెలన్నీ ఒకటే. తనను పక్కన కూర్చోబెట్టుకుని ఆ లింకును నా లాగిన్‌లో తెరిచాను. సర్వర్ 403, అంటే నీకు అనుమతి లేదు, అనాలి. 200, అంటే సరే తీసుకో, అంది, పీడీఎఫ్ వచ్చేసింది. తన పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు, కులం, పన్నెండు అంకెల ఆధార్ మొత్తం అందులో ఉన్నాయి. ఆ తర్వాత లాగౌట్ అయి, ఇన్‌కాగ్నిటోలో నా రసీదు లింకు పెట్టి చూశాను. అదీ తెరుచుకుంది! ఇంటర్నెట్ ఉన్న ఎవడైనా వరసగా అంకెలు మార్చుకుంటూ పోతే వేలమంది పిల్లల వివరాలు చేతికొస్తాయి.

నేను ఒక్క అంకె కూడా మార్చి చూడలేదు. మూడో మనిషి రసీదు నా కంటపడలేదు. ఈ మాట ఆ గదిలో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు.

రిపోర్టు పద్ధతిగా రాశాను. లోపం ఏమిటి, ఎలా కనబడింది, ఎవరికి నష్టం, ఎలా సరిచేయాలి, అన్నీ రెండు పేజీల్లో పెట్టాను. లొసుగు కనబడితే ఎవరికి చెప్పాలో తెలిపే సెక్యూరిటీ డాట్ టెక్స్ట్ అనే ఫైలు వెబ్‌సైటులో ఎలా పెట్టాలో చెబుతూ 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం వచ్చింది. మా కాలేజీ సైటులో అది లేదు. కాంటాక్ట్ పేజీలో ఉన్న మెయిల్‌కి పంపితే బౌన్స్ అయింది. అందుకని ప్రింటు తీసి హెచ్ఓడీ చేతికిచ్చాను.

హెచ్ఓడీ సార్ శీర్షిక మాత్రం చదివి, "అమ్మాయివి, నీకెందుకమ్మా ఈ హ్యాకింగ్ గోల?" అన్నారు. మర్నాడు క్లాసులో ఉండగా అటెండరు వచ్చి పిలుచుకుపోయాడు. అప్పటికే నాన్నకు ఫోన్ చేసి "మీ అమ్మాయి మీద సైబర్ కేసు అవుతుంది, వెంటనే రండి" అని చెప్పారు. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. సీజన్ రోజులు, కాటాలు నడుస్తున్నాయి. పని వదిలేసి, చొక్కా మీద మిరపకాయ దుమ్ము కూడా దులుపుకోకుండా వచ్చాడు. ఆయన్ని కూర్చోమనలేదు. ఎదురుగా మూడు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పోర్టల్ తయారు చేసిన కంపెనీ మనిషి స్పీకర్ ఫోన్లో ఉన్నాడు. "సర్వర్ లాగ్స్‌లో ఈ అమ్మాయి ఐపీ ఉంది సార్, ఎటాక్ చేసింది" అన్నాడు. ఐపీ అంటే నా ఇంటర్నెట్ చిరునామా, అది ఉండకుండా ఎలా ఉంటుంది? నా ఫీజు రసీదు నేను డౌన్‌లోడ్ చేశాను. ఎన్ని రసీదులు తెరిచానో అదే లాగ్‌లో చూసి చెప్పమన్నాను. జవాబు లేదు. "ఎదురు మాట్లాడుతుందేమిటండీ మీ పిల్ల?" అని ప్రిన్సిపాల్ నాన్న వైపు తిరిగారు. ల్యాప్‌టాప్ అప్పగించమన్నారు. "నేను కాలేజీ వెబ్‌సైటును హ్యాక్ చేశాను, క్షమించండి, ఇకపై చేయను" అని రాసి సంతకం పెట్టమన్నారు. వార్డెన్ మేడమ్ కూడా ఉన్నారక్కడ. సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోయింది.

నాన్న ఆంగ్లంలో ఉన్న నా రిపోర్టును అటూ ఇటూ తిప్పి, "అసలేమైందమ్మా?" అని నన్నే అడిగాడు. చెప్పాను. విని, ప్రిన్సిపాల్‌తో నెమ్మదిగా అన్నాడు: "సార్, మా కొట్లో ఒక రైతు లెక్కల పట్టీ ఇంకో రైతుకి చూపిస్తే మా షావుకారు నన్ను ఆ పూటే పంపించేస్తాడు. ఇక్కడ పిల్లల పట్టీలన్నీ రోడ్డు మీద పెట్టి, పెట్టారని చెప్పిన పిల్లనా మీరు అడిగేది?" తర్వాత నాతో, "ఉన్నది ఉన్నట్టు రాయి తల్లీ, లేనిది రాయొద్దు" అన్నాడు. నేను అదే రాశాను. నా రసీదు, నా స్నేహితురాలి అనుమతితో ఆమె రసీదు చూశానని, లోపం కనబడిన వెంటనే తెలియజేశానని రాసి సంతకం పెట్టాను. నా ల్యాప్‌టాప్ మాత్రం వాళ్లకివ్వలేదు. మా నాన్న కూతుర్ని అయినందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, ఎందుకంటే దాన్ని చూపించే భయపెడతారు. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి వెళ్లడం గురించి. దాని కింద నష్టపరిహారం కట్టమంటారు. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మంచి ఉద్దేశమే కదా అని పరాయి సైటు మీద లోపాలు వెతికే స్కానర్ వదిలితే 43 మెడకు చుట్టుకోవచ్చు. ఈ మాట ఆ గదిలో అరిచినవాళ్లెవరూ చెప్పలేదు. నేనే చదువుకున్నాను. వాళ్లు చెప్పనిది ఇంకొకటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అని రాసి ఉంది.

ఆ రాత్రే సెర్ట్-ఇన్‌కి మెయిల్ పెట్టాను. అది కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇలాంటి లోపాల సమాచారం తీసుకోవడం వాళ్ల పని. రిఫరెన్స్ నంబరుతో జవాబొచ్చింది. నాతో మాట్లాడిన తీరులో మర్యాద ఉంది. కొన్నాళ్లకు మా పోర్టల్ "మెయింటెనెన్స్" అని ఆగింది. ఈ వారం చూస్తే ఇన్‌కాగ్నిటోలో నా లింకు లాగిన్ అడుగుతోంది, రూమ్మేట్ రసీదు నా లాగిన్‌లో రావడం లేదు, ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తున్నాయి. నాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

నేర్చుకునేవాళ్లు సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) లాంటి ఖరీదైన పరీక్షల కోసం అప్పులు చేయకండి, ముందు ల్యాబ్‌లు పూర్తి చేయండి. అనుమతి కాగితం లేకుండా ఏ సైటు జోలికీ పోవద్దు. హ్యాకర్‌వన్, బగ్‌క్రౌడ్‌లో తమ సైట్లలో లోపాలు వెతకమని కంపెనీలు తమంతట తామే పిలుస్తాయి, అక్కడ కూడా స్కోప్, అంటే దేన్ని పరీక్షించొచ్చో చెప్పే జాబితా, చదివాకే చెయ్యి పెట్టండి. ఎవరికి ఏది చెప్పినా మెయిల్లో చెప్పండి, తేదీతో సహా మిగులుతుంది. నోటిమాటగా చెబితే రేపు అననే లేదంటారు.

మార్కుల మెమోల పోర్టల్ కూడా ఆ కంపెనీదే. దాన్ని పరీక్షించడానికి రాతపూర్వకంగా అనుమతి ఇమ్మని ప్రిన్సిపాల్‌కి సోమవారం అర్జీ పెట్టాను. తీసుకున్నట్టు కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను.