ఆర్కే బీచ్‌లో పొడి బనీన్లు

పెళ్ళికని సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ. అంతవరకు ఏ ఫిర్యాదూ లేదు. స్టేషన్ బయట ఆటో అతను ఆర్కే బీచ్‌కి మూడు వందలన్నాడు. బేరమాడితే రెండు వందల యాభైకి దిగాడు. తీరా బారికేడ్ దగ్గర బండి ఆపేసి, "ఈ టైములో లోపలికి బళ్ళు వెళ్ళనివ్వరు సార్, వాకింగోళ్ళ కోసం మూసేస్తారు" అన్నాడు. బేరమప్పుడు ఆ ముక్క ఎందుకు చెప్పలేదో!

బ్యాగు మోసుకుంటూ నడిచాను. డిసెంబరు కదా, వాకర్లందరికీ స్వెట్టర్లు, మంకీ క్యాపులు. మహా అయితే 18 డిగ్రీలుంటుంది. మా బోధన్‌వాళ్ళు చూస్తే నవ్వుతారు.

కుర్సుర సబ్‌మెరైన్ దాటాక ఇసకలో పదిమంది దాకా కుర్రాళ్ళు, వాళ్ళతో ముద్దకట్టిన చెవుల పెద్దాయన కనిపించారు. ఆ చెవులు చూస్తే చాలు, వస్తాదని తెలిసిపోతుంది. సూర్యోదయం చూద్దామని వచ్చినవాణ్ణి గట్టు మీద కూలబడి వాళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

ముందు చాలాసేపు మెడ, భుజాలు, నడుము తిప్పించాడు. ఒళ్ళు కాగందే పట్లు పట్టనివ్వడట. చల్లబడిన కండరం చెప్పినంత వేగంగా కదలదు, లాగితే పట్టేస్తుంది. తర్వాత నీళ్ళ అంచున గట్టి ఇసక మీద పరుగు, ఆపైన మెత్తటి ఇసకలోకి. అందులో పరుగంటే అదే వేగానికి గట్టినేల మీదకంటే ఒకటిన్నర రెట్లు పైనే శక్తి ఖర్చవుతుంది. ఒకణ్ణొకడు భుజాన వేసుకుని పిక్కల దాకా దిగబడుతూ బస్కీలు తీస్తుంటే నాకే ఆయాసం వచ్చింది. నోటితో గాలి పీల్చినవాడికల్లా ఒక కేక: "ముక్కుతో పీల్రా!" ఛాతీకి కట్టిన గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచిన కోడి రామ్మూర్తి నాయుడు పుట్టింది ఈ ఉత్తరాంధ్రలోనే, వీరఘట్టంలో. ఊపిరి మీద అంత పట్టింపు ఉండదా మరి!

ఒకడు చెమట కార్చి బరువు దించుకోడానికి లోపల ప్లాస్టిక్ కోటు తొడుక్కొచ్చాడు. వస్తాదు అక్కడికక్కడే విప్పించి, దాహం లేదంటున్నా గోరువెచ్చటి నీళ్ళు తాగించాడు. అమెరికా కాలేజీ కుస్తీల్లో 1997లో బరువు దించుకోబోయి ముగ్గురు చనిపోయాకే అక్కడ అలాంటి సూట్లు నిషేధించారు. ఇక్కడ ఈయన కేక చాలు.

అసలు హడావుడి సాధన ఆగాక మొదలైంది. చెమటతో ఒంటికి అతుక్కున్న బనీనుతో సెల్ఫీ దిగబోతున్న కుర్రాడి మీదికి తువ్వాలు విసిరాడు. "ముందు బనీను మార్చు, తరవాత సముద్రం సూద్దువు!" అందరి సంచుల్లోనూ పొడి బనీను, చెవులు మూసే టోపీ ఉన్నాయి. నా ముఖం చూసి నవ్వాడు. "ఏ ఊరు బాబూ? బోధనా? అక్కడ సలి మరీ ఎక్కువ కదేటి! సలి పరిగెడుతున్నంతసేపూ ఏటీ సెయ్యదు. ఆగినప్పుడే పట్టుకుంటాది. ఆదివారం వీళ్ళని లంబసింగి తీసుకెళ్తన్నాను, అక్కడ తెలుస్తాది వీళ్ళ సంగతి."

మా వైపు జాతరల్లో కుస్తీ పోటీలు కొబ్బరికాయ బహుమతితో మొదలై వెండి కడెం దాకా సాగేవి. చలికాలం పొద్దున్నే పారతో గోదా, అంటే కుస్తీ పట్టే మట్టి బరి, తవ్వడమే పహిల్వాన్లకు మొదటి కసరత్తు. మంచులా ఉండే ఆ ఎర్రమట్టిని తిరగేసేసరికి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి. ఆ తర్వాత వాళ్ళు ఏం కప్పుకునేవారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పెళ్ళి, సింహాచలం, కైలాసగిరి అన్నీ అయ్యాయి. రోప్‌వే క్యూ గురించి రాస్తే తిట్లే వస్తాయి కాబట్టి వదిలేస్తున్నా. తిరుగు రైల్లోంచి కుస్తీ పట్టే మేనల్లుడికి ఫోన్ చేసి పొడి బనీను సంగతి చెప్పాను.

"మామా, మేం లంగోటీ మీదనే ఉంటం గదా," అన్నాడు వాడు, "మార్చెతందుకు బనీను యాడిది?"